తాత బాగుచేసిన ప్లాస్టిక్ పడవ

మా తమ్ముడు ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టించి, అమ్మ ట్రంకు పెట్టెను ఆటోలో వేసి నరసరావుపేటకు పంపాడు. "నీకేం గావాలో తీసుకో అక్కా, మిగతాది పాత సామాన్లోడికి ఇచ్చెయ్" అని ఫోన్లో చెప్పాడు. పెట్టెలో అమ్మ పెళ్ళిచీర పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. దాని కింద ఇత్తడి చెంబు, మూత లేని కుంకుమభరిణె. అన్నిటికీ అడుగున గోనెగుడ్డలో చుట్టి, జానెడు పొడవున, నల్లగా, ఒక పక్కకు వంగిపోయిన ప్లాస్టిక్ పడవ. దాని ముక్కుకు దారం ఇంకా కట్టే ఉంది.

మా ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఏందే అది? చచ్చిన ఎలకా?" అన్నాడు.

నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా గుగ్గిలం వాసన పోలేదు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆయన హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చుకుని, పాపం, నా మొహం చూస్తూ తిన్నాడు.

మా అసలు ఊరు కృష్ణ ఒడ్డున ఉండేదట. 'అట' అనే అంటాను, ఎందుకంటే నేను దాన్ని చూళ్ళేదు. డ్యామ్ నీళ్ళు వచ్చేటప్పటికి నేను చంటిపిల్లను. ఊరిని బండ్ల మీద వేసుకుని మాచర్ల అవతల మెట్ట మీదికి తెచ్చారు. అక్కడ గునపం వేస్తే నాపరాయి తగిలి నిప్పులు రాలేవి. డ్యామ్ కోసం ఊరిచ్చిన వాళ్ళం, కడివెడు నీళ్ళకు మైలు నడిచేవాళ్ళం. నీరు పల్లమెరుగు అంటారు. మమ్మల్ని మెట్టకెక్కించి నీళ్ళను పల్లానికి పంపినవాళ్ళకు ఆ సామెత బాగా తెలుసు.

ఊరు తేవడమంటే నిజంగానే తెచ్చారు. తలుపులు, దర్వాజాలు, దూలాలు, వాసాలు అన్నీ విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేట్టు సున్నంతో గుర్తులు పెట్టుకున్నారు. మా తాతకు చదువు రాదు. వంటింటి వాసాలకు గీతలు, పడసాల వాసాలకు సున్నాలు గీశాడు. కొత్త ఊళ్ళో గోడలు పొట్టివి కావడంతో తలుపు చెక్కలు కింద కోయించారు. మా నాయనమ్మ ఆ తలుపు వేసినప్పుడల్లా, "కాళ్ళు నరికి తెచ్చాం దీన్ని" అనేది.

తాతకు ఒడ్డున నల్లరేగడి పొలం ఉండేది. అయినా ఆయన్ను రైతు అని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఏటేటా వేలంలో రేవు పాట పాడుకుని పడవ నడిపేవాడు. ఇవతలి మిరపకాయ బస్తాలు అవతలికి, అవతలి మేకలు ఇవతలికి. పెళ్ళివాళ్ళు, కాన్పుకు పుట్టింటికొచ్చే ఆడపిల్లలు, అందరూ తాత గడకర్ర వేస్తే ఏరు దాటినవాళ్ళే. అట్లాంటి మనిషి కొత్త ఊళ్ళో పొద్దున్నే లేచి, వాకిట్లో నిలబడి, గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. చూసి లోపలికొచ్చి కూచునేవాడు. గాలితో ఆయనకు వేరే పనేమీ లేదు.

మా ఇంట్లో జొన్న సంగటి, గోంగూర, చింతచిగురు ఎప్పుడూ ఉండేవి. చేప మాత్రం ఉండేది కాదు. నాయనమ్మ చింతపండు పులుసు కాచి, దాంట్లో వంకాయ వేసి, "చేపనుకోని తినండి" అని వడ్డించేది. తాత ఆ మాటకు ఎప్పుడూ నవ్వలేదు.

"పడవేం చేశావు తాతా?" అని అడిగితే, "అవతలొడ్డు వాళ్ళకిచ్చి వచ్చా" అనేవాడు. నాయనమ్మ అందుకునేది. "ఏరు దాటి తెప్ప తగలేసే రకం గాదులే మీ తాత. ఊరికే ఇచ్చి వచ్చాడు, మారాజు."

నాకు ఒకటే కోరిక. డ్యామ్ నీళ్ళ దగ్గరకు పోయి, మా ఊరు ఎక్కడుందో తాత వేలితో చూపించాలి. బళ్ళో పిల్లలు వేసవి సెలవులకు అమ్మమ్మ ఊరు పోయామని చెప్పుకునేవాళ్ళు. నాకు చెప్పుకోవడానికి నీళ్ళ కింద ఊరు ఉంది, కానీ అదెక్కడో తెలియదు. ఎంత బతిమాలినా తాత డ్యామ్ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

అప్పుడొచ్చింది ఆ బొమ్మపడవ పెట్టె. మా చిన్నమామ ఓడల్లో వంట పనిచేసేవాడు. ఒక ఎండాకాలం వస్తూ వస్తూ, ఏ దేశంలోనో పాత సామాన్ల అంగట్లో కొన్నానని, అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. పెట్టె మీద నీలం సముద్రంలో తెల్ల పడవ బొమ్మ. మూత తీస్తే పడవ లేదు. చింతకాయల గుత్తుల్లాగా కాడలకు అంటుకుని చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయి. ఒక్కోదానికి పక్కన చీమంత అంకె.

"ఇరగ్గొట్టిన పడవను తెచ్చావేందిరా అల్లుడా?" అన్నది నాయనమ్మ.

"ఇరగ్గొట్టింది గాదత్తా, మనమే కట్టుకోవాల" అన్నాడు మామ.

తాత అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. లేచి వచ్చి ఒక ముక్క తీసుకుని, వెలుతురుకు పెట్టి, దాని పక్కనున్న అంకె చూశాడు. "గుర్తులు పెట్టుకున్నారు" అన్నాడు. "మన ఇళ్ళు గూడా ఇట్టనే ఇప్పాం." 

నేను సందు చూసుకున్నాను. "తాతా, ఇది కడితే నన్ను నీళ్ళ దగ్గరకు తీసుకుపోతావా?"

ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పుతూ, నా వైపు చూడకుండానే, "కట్టు ముందు. తేలేట్టు కడితే పోదాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ వేసవంతా గడిపాను.

పెట్టెలో ఉన్న జిగురు గొట్టం రాయిలా గట్టిపడి ఉంది. నేను తుమ్మబంక తెచ్చి నానబెట్టి అతికించాను. ప్లాస్టిక్‌కు తుమ్మబంక పడుతుందా? పొద్దున్నకు రెండు చెక్కలూ విడిపోయి పడి ఉన్నాయి. నేను ఏడుపు లంకించుకుంటే తాత దగ్గరకు వచ్చి కూచున్నాడు. కొత్త ఊరికొచ్చాక తాత ఒక పని ముందు అట్లా బాసింపట్టు వేసుకుని కూచోవడం అదే మొదలని తర్వాత అమ్మ చెప్పింది.

కూచున్నవాడు ముందు పడవ అడుగు చూశాడు. ఓడకు ఉన్నట్టు కింద కత్తిలాగా ఒక అంచు ఉంది. "ఇదేంది? ఇది ఇసకెక్కేదెట్టా? మేకలు దిగేదెట్టా?" అన్నాడు. అది సముద్రం పడవ అని మామ చెప్పబోతే, "సముద్రంలో ఒడ్డు లేదా?" అని నోరు మూయించాడు. కొడవలితో ఆ అంచును చెక్కి, నాపరాయి మీద రోజూ కాసేపు అరగదీసి, అడుగును రొట్టెపెనంలా చదును చేశాడు. పొగగొట్టం పీకేశాడు. "పొయ్యి ఎందుకు పడవకు?" నాయనమ్మ కొప్పు పిన్ను నేను దొంగిలించి తెస్తే, దాన్ని ఎర్రగా కాల్చి ముక్కుకు బెజ్జం పెట్టాడు. చీపురుపుల్లను గడగా నిలబెట్టాడు. ఆముదం దీపం మసి నూనెలో కలిపి తెల్ల పడవను నల్లగా చేశాడు.

"బాగుచేస్తున్నావా, పాడుచేస్తున్నావా?" అనేది నాయనమ్మ.

"పడవను చేస్తన్నా" అనేవాడు తాత.

పని చేస్తూ ఆయన మాట్లాడేవాడు. నాకు కావలసింది అదే. రేవులో రాతి గుంజ ఎక్కడుండేది, దాని పక్కన బట్టలుతికే బండ ఎంత నున్నగా ఉండేది, వరదకు ముందు నీళ్ళ రంగు ఎట్లా మారేది, పుచ్చకాయల పాదులు ఇసకలో ఎంత దూరం పాకేవి, అన్నీ చెప్పేవాడు. నాయనమ్మ కూడా చాట పక్కన పెట్టి వినేది. మధ్యలో, "పుచ్చకాయలు గాదు, దోసకాయలు" అని దిద్దేది. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. ఆ పోట్లాటలోనే నేను నా ఊరిని చూశాను. అంతకంటే చూసింది లేదు.

ఇక అతికించడం మిగిలింది. "పడవను బంకతో అతికిస్తారా యాడన్నా? గుగ్గిలం కాయాల" అన్నాడు తాత. ఏటేటా తొలకరికి ముందు పడవను ఇసక మీదికి లాగి, చెక్కల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం పొడి ఆముదంలో కాచి, కాగుతున్నది కాగుతున్నట్టే పోసేవాళ్ళట. అది పొయ్యని పడవ ఎక్కేవాడు లేడట. ఎదురింటి పెద్దమ్మ దేవుడి గూట్లో గుగ్గిలం ఉందని నాకు తెలుసు. ఆమె నీళ్ళకు పోయినప్పుడు గుప్పెడు పట్టుకొచ్చాను. ఆడపిల్లవు దొంగతనం చేస్తావా అని తాత తిట్టలేదు. "ఇంకొంచెం తేకపోయావా" అన్నాడు.

మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గరిటెలో గుగ్గిలం కాగింది. ఆ పొగ వాకిలంతా కమ్మింది. వీధిలో ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా గడప దగ్గర నిలబడ్డారు.  అందరూ ఆ వాసన కోసమే వచ్చారు. "రేవు వాసనొస్తంది బావా" అని ఒకాయన అన్నాడు.

తాత సందుల్లో పత్తి కూరి గరిటె వంచాడు. సలసలా కాగే గుగ్గిలం పడగానే పడవ కదిలింది. పక్క చెక్క మెల్లగా మెత్తబడి, లోపలికి వంగి, ముక్కు ఒక పక్కకు వాలిపోయింది. తాత గరిటె పారేసి రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. చల్లారేదాకా అట్లాగే పట్టుకుని, "కట్టె ఇట్టా చెయ్యదే... కట్టె ఇట్టా చెయ్యదే" అంటూనే ఉన్నాడు. గడప దగ్గర నిలబడ్డవాళ్ళు తలలు దించుకుని వెళ్ళిపోయారు. మా తాత పడవ పని చెడగొట్టడం వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు.

పడవ అతుక్కోవడమైతే అతుక్కుంది. వంకర పోలేదు. నేను మొండిపట్టు పట్టాను. వంకరైనా పడవే, మాటంటే మాటే. ఆయన అరచేతుల బొబ్బలు మానాక, ఒక పొద్దున నాయనమ్మ జొన్నరొట్టెలు, పండుమిరప పచ్చడి మూటకట్టి ఇచ్చింది. పడవకు బొట్టు పెట్టమని నేనంటే, బొమ్మకు బొట్టేంది అని నెల రోజులు సణిగిన మనిషి, బయలుదేరేముందు తనే వచ్చి పడవ ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది.

బస్సులో తాత కిటికీ వైపు చూడలేదు. డ్యామ్ దగ్గర దిగి, రాళ్ళ మీదుగా నీటి ఒడ్డుకు నడిచాం. నేను అంత నీళ్ళు అంతకుముందు చూళ్ళేదు. నాకు సంబరం. తాత మాత్రం కొండలు చూస్తున్నాడు. నీళ్ళలో నడుముదాకా మునిగిన కొండల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టుకుని, రెండిటి నడుమ చెయ్యి నిలిపాడు.

"అదిగో. ఆ రెంటి మజ్జన, ఇంకొంచెం ఇవతలికి. అక్కడ మన రేవు."

చూశాను. నీళ్ళు ఉన్నాయి. అక్కడ వేరే చోట కంటే వేరుగా ఏమీ లేదు. ఏదో కనపడుతుందని వేసవంతా ఎదురుచూసినదాన్ని, నాకు ఏడుపొచ్చింది.

తాత గాలపు దారం తీసి పడవ ముక్కు బెజ్జానికి కట్టాడు. రెండు మెలికలు వేసి, కొస వెనక్కి దూర్చి బిగించే ముడి. నా చేత కూడా వేయించాడు. "రేవు ముడి. ఎంత లాగితే అంత బిగుసుద్ది" అన్నాడు. పడవను నీళ్ళలో పెట్టి వదిలాడు. కాసేపు బాగానే పోయింది. దారం వదులుతూ పోయాడు. చిన్న అల వచ్చింది. కింద అంచు లేదు, పైన వంకర. ఒక పక్కకు ఒరిగి, నీళ్ళు తాగి, నాయనమ్మ పెట్టిన బొట్టుతో సహా మునిగిపోయింది. దారం బిగుసుకుని నిలబడింది.

"లాగు తాతా! మునిగింది, లాగు!"

ఆయన లాగలేదు. దారం పట్టుకుని నీళ్ళ వైపే చూస్తున్నాడు.

"మన పడవ గూడా ఇట్టనే పోయిందే అమ్మాయ్" అన్నాడు.

"అవతలొడ్డు వాళ్ళకిచ్చానన్నావు గదా?"

"ఎవరికియ్యలా. గుంజకు కట్టి వచ్చా. ఎప్పుడు వరదొచ్చినా అంతేగా. కొట్టుకపోకుండా కట్టాల, నీళ్ళతోపాటు పైకి లేచేటందుకు తాడు వదలాల. మా నాయన చూసిన వరద, మా తాత చూసిన వరద, వాటన్నిటికంటే రెండు బారలు ఎక్కువే వదిలా. దిగుద్దిలే అనుకున్నా. ఏ వరదైనా దిగుద్ది గదా. దిగినాక ఊరికొస్తే పడవ గావాల గదా మనకు."

"అప్పుడేమయింది?"

"ఇది దిగే నీళ్ళు గాదంట. నాకు చానామంది చెప్పారు. నేను నమ్మలా. తాడు ఉన్నంతవరకు లేచి ఉంటది పడవ. ఆనక తాడు చాలక, ముక్కు కిందికి గుంజి..." ఆయన చెయ్యి దారంతోపాటు కొంచెం ముందుకు వంగింది.

నేను చిన్నపిల్లను. నాకు తోచిన ఆశ నేను చెప్పాను. "ముడి ఊడిపోయి ఉంటదిలే తాతా. ఏడకో తేలుకుంటా పోయి ఉంటది."

తాత నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "ఊడిపోయే ముడి ఏస్తానా నేను?" అన్నాడు.

చివరకు నేనే దారం పట్టి పడవను పైకి లాగాను. జొన్నరొట్టెలు మూట విప్పకుండానే ఇంటికి తెచ్చాం. నాయనమ్మ మా మొహాలు చూసి, పడవను దారంతో సహా గోనెగుడ్డలో చుట్టి అమ్మ ట్రంకు పెట్టెలో వేసింది. ఆ తర్వాత తాత పొద్దున్నే లేచి గాలి చూడడం కూడా మానేశాడు. మరుసటి ఎండాకాలం మంచాన పడ్డాడు. ఆఖరి రోజు ఎవరో బస్సెక్కి పోయి డ్యామ్ నీళ్ళు చెంబుతో తెచ్చారు, కృష్ణమ్మ తీర్థం గొంతులో పోస్తే మంచిదని. తాత పళ్ళు బిగబట్టాడు. నీళ్ళు చెంప మీదుగా కారి దిండు తడిసింది. అది కృష్ణ కాదని ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఆ మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరూ లేరు. పుచ్చకాయలా దోసకాయలా అని అడుగుదామంటే ఒక్క మనిషి లేదు. ఆ ఊరి తలుపులతో కట్టిన ఇల్లు కూడా పోయింది. నాకు మిగిలింది ఈ వంకర ప్లాస్టిక్కు.

సరే, దీన్నయినా నిలబెడదామనుకున్నాను. నేను కుట్టు టీచరుగా చేసి రిటైరైనదాన్ని, చేతి పనికి భయపడను. ఫోన్లో వీడియోలు చూశాను. పడవ బొమ్మలు కట్టే పెద్దమనుషులు ప్రపంచమంతా ఉన్నారు. ప్లాస్టిక్ వంగితే వేడినీళ్ళలో ఉంచి మెల్లగా సరిచేయాలట. సరిచేస్తుంటే ఒక చోట పుటుక్కున పగిలింది. తెచ్చి పెట్టుకున్న కొత్త జిగురుతో అతికించాను. గుగ్గిలం ఉన్నచోట మాత్రం ఎక్కడా కదల్లేదు. అడుగు తాత చేసినట్టే చదునుగా ఉంచాను. ఒరగకుండా లోపల సీసం గుండ్లు అతికించాను. గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగు వేసి, కొత్త చీపురుపుల్ల గడగా పెట్టాను.

"ఓడ ఎప్పుడు బయల్దేరుద్ది?" అని మా ఆయన రోజూ అడిగేవాడు. తాడు సంగతి చెప్పాక అడగడం మానేశాడు. "తాడు ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటదిలేవే" అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

"మా తాత ముడి సంగతి మీకు తెలవదు" అన్నాను. కుళ్ళి ఉంటుందని నాకు తెలియదా? పడవ చెక్కలే మట్టయి ఉంటాయి. తెలిసినంత మాత్రాన ఆ బిగుసుకున్న దారం నా కళ్ళ ముందు నుంచి పోతుందా?

నిన్న పెరట్లో ప్లాస్టిక్ టబ్బు నింపాను. మా కుళాయిలో వచ్చేవి సాగర్ కాలువ నీళ్ళే. ఇన్నేళ్ళుగా మా ఊరిని ముంచిన నీళ్ళనే తాగుతున్నాను, అన్నం వండుతున్నాను, పిల్లలకు పోశాను. పడవకు పాత దారం అడ్డం వస్తోంది, విప్పుదామని కూచున్నాను. నలభై రకాల ముడులు పిల్లలకు నేర్పినదాన్ని, సూది మొనతో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పెనుగులాడాను. తాత నాకు ఆ ముడి వేయడం నేర్పాడు. విప్పడం నేర్పేటంత కాలం ఉండలేదు. చివరకు కత్తెర తెచ్చి కత్తిరించాను.

పడవను నీళ్ళలో పెట్టాను. తేలింది. ఒరగలేదు, నీళ్ళు తాగలేదు. తేలేట్టు కడితే పోదాం అన్నాడు తాత. కట్టాను, చూడమందామంటే ఎవరున్నారు? ఎవరితో పోవాలి? అది టబ్బులో కొంచెం దూరం పోయి, అంచుకు తగిలి ఆగింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "బాగా తేల్తంది గదే, ఏడుస్తావెందుకు?" అన్నాడు.

ఈ పడవ దారం కత్తెరతో తెగింది. రెండు కొండల నడుమ, ఆ నీళ్ళ అడుగున, మా తాత పడవ ఇంకా రేవు గుంజకు కట్టే ఉంది. నీళ్ళు దిగుతాయని, మేమంతా తిరిగి వస్తామని కట్టాడు.